ప్రాణమున్న సరకు – ఉద్దానపు తోటలు

శ్రీకాకుళం రోడ్డు స్టేషను విడిచి పలాస వైపు సాగిపోవు రైలుబండిలో కూర్చున్నవారికి తిలారు, హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, నౌపడ అను ఊళ్లు వరుసగా ఎదురగును. పడమట దూరముగ మహేంద్రగిరి కొండలు, తూర్పున సముద్రము, నడుమ వరిమళ్లు. టెక్కలి, పలాసలకు తూర్పుగను ఉత్తరముగను పోయినకొలది మళ్లు తగ్గి ఇసుక నేలలు, తోటలు హెచ్చగును. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురములను కలుపుకొని యున్న ఈ తోటల సీమయే ఉద్దానము. ఉద్యానవనమను మాటయే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఈ సీమకు జీవనాధారములు.

ఈ తోటలను పోషించుటకును కాపాడుటకును రసాయనముల కంటె వేరైన సాధనములు కొన్ని కలవు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించు సూక్ష్మజీవులు, చీడపురుగులను చంపు బూజులు, పురుగుల గ్రుడ్లలో తమ గ్రుడ్లను పెట్టు సన్నని కందిరీగలు ఆ కోవలోనివే. మొదటివానిని జీవన ఎరువులనియు, తక్కినవానిని జీవ నియంత్రణ సాధనములనియు వ్యవసాయ శాస్త్రజ్ఞులు పిలుచుచున్నారు. వీని గుణములను గూర్చి విన్నవారు పలువురు కలరు. కాని వీనిని తయారుచేయుట యెట్లు, తయారైనవానిని ప్రాణముతో రైతు చేతికి చేర్చుట యెట్లు అను ప్రశ్నను విచారించినవారు అరుదు. ఈ సాధనముల చరిత్రను పరికించినచో జయాపజయములు రెండును ఈ ప్రశ్న మీదనే ఆధారపడి యున్నట్లు మాకు తోచుచున్నది. అందుచేత ముందుగా ఆ చరిత్రను చెప్పి, అది ఉద్దానమునకు ఏమి నేర్పుచున్నదో పిదప విన్నవింతుము.

పూర్వము మన రైతు ఈ సాధనములను కొనలేదు. పశువుల పేడ, కసవు, బూడిద కుప్పవేసి కుళ్లబెట్టిన గత్తమును వేసవిలో బండ్లతో పొలమునకు తోలుకొనెడివాడు. గొర్రెల మందను రాత్రులందు పొలములో నిలుపుకొనెడివాడు. వరికోతల తరువాత మళ్లలో పెసర, మినుము చల్లెడివాడు. జనుము, జీలుగ పెంచి దుక్కిలో కలిపెడివాడు. పప్పుజాతి మొక్కల వేళ్లపై బుడిపెలుండుట అతడు చూచెను. వానిలో నేమున్నదో ఎరుగకపోయినను, ఆ పైరు పిదప నేలకు బలము హెచ్చునని ఎరుగును. ఇందులో గమనింపవలసిన దొక్కటే. తయారైన చోటును వాడిన చోటును ఒక్కటే. నడుమ ప్రయాణము లేదు, నిలువ లేదు, బేరము లేదు.

ప్రాణమున్న సాధనమును అమ్మి కొనిన ముచ్చట చైనా దేశమున కన్పట్టుచున్నది. దక్షిణ చైనాలోని జనులు ఒక జాతి చీమలను గూళ్లతో సహా సంచులలో పెట్టి అమ్ముచుండిరనియు, నారింజ తోటలవారు వానిని కొని చెట్లపై విడుచుచుండిరనియు క్రీ.శ. 304 నాటిదని చెప్పబడు ఒక గ్రంథమున నున్నది. ఆ చీమలు లేనిచో పండ్లు పురుగుల పాలగునట. మన మామిడి, జీడిమామిడి చెట్లపై ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టుకొను ఎర్రచీమలు ఆ జాతివే. తోటలో పనిచేయువారు వాని కాటుకు విసిగి గూళ్లను కాల్చివేయుట కలదు. కాని ఆ చీమలు చెట్టునకు కావలివారని తెలిసినవారు కొంత సహింతురు.

ఇక ఆధునిక శాస్త్రము మాట. 1886లో జర్మనీ దేశపు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను పండితులు పప్పుజాతి మొక్కల బుడిపెల రహస్యమును వెల్లడించిరి. గాలిలోని నత్రజని ఆ బుడిపెలలోని సూక్ష్మజీవుల వలననే మొక్కకు దక్కుచున్నదని తేలెను. 1888లో హాలండు దేశపు బైజరింక్ ఆ సూక్ష్మజీవులను వేరుచేసి పెంచగలిగెను. 1896లో జర్మనీ దేశమున నోబ్, హిల్ట్‌నర్ అనువారు వానిని తయారుచేసి అమ్ము పద్ధతికి హక్కు పొందిరి. నైట్రాజిన్ అను పేరుతో ఆ సరకు సీసాలలో అంగడికి వచ్చెను. సూక్ష్మజీవులను విత్తనమునకు పట్టించుటకు కొనుగోలు చేయుట అట్లు ఆరంభమైనది.

ఆరంభముననే చిక్కులును వచ్చినవి. 1904 ప్రాంతమున అమెరికా వ్యవసాయశాఖవారు ఈ సూక్ష్మజీవులను దూదిపై ఆరబెట్టి రైతులకు పంచిరి. పొట్లములు తేలికగా నుండెను, తపాలాలో పోయెను, ఖర్చు స్వల్పము. కాని అట్టి పొట్లములను పరీక్షించినవారికి ప్రాణమున్న సూక్ష్మజీవులు మిక్కిలి తక్కువగా కన్పట్టెను. ఎండిన దూదిపై అవి నిలువలేకపోయినవి. రైతు చల్లినది వట్టి దూది కడిగిన నీరే అయ్యెను. శాస్త్రము నిజమే, సరకు మాత్రము చచ్చినది. తేమను పట్టియుంచు పీట్ మట్టి, లిగ్నైట్ పొడి వంటి ఆధారములలో కలిపి పంపు పద్ధతి వచ్చిన తరువాతనే ఈ పరిశ్రమకు కాలు నిలిచినది.

మన దేశమున ఈ సూక్ష్మజీవులపై తొలి పరిశోధనను 1920లో ఎన్.వి. జోషి గావించెను. వ్యాపార రీతిని తయారుచేయుట 1956లో మొదలైనది. 1983లో కేంద్రప్రభుత్వము ఘజియాబాదు కేంద్రముగా జీవన ఎరువుల జాతీయ పథకమును నెలకొల్పెను. పప్పుజాతికి రైజోబియం, ఇతర పైరులకు అజటోబాక్టర్, అజోస్పిరిల్లం, నేలలోని భాస్వరమును కరిగించు బాక్టీరియాలు నేడు పలుచోట్ల తయారగుచున్నవి.

చీడలను చంపు సాధనముల కథయు ఇట్టిదే. 1879లో రష్యా సామ్రాజ్యపు ఒడెస్సా నగరమున మెచ్నికాఫ్ అను శాస్త్రజ్ఞుడు గోధుమను పాడుచేయు పెంకుపురుగులపై ఆకుపచ్చని బూజును చూచెను. నేడు మెటారైజియం అని పిలువబడు బూజు అదియే. దానిని విరివిగా పెంచి పొలములందు చల్లవచ్చునని ఆయన తలచెను. 1884లో క్రాసిల్‌ష్చిక్ అను నాతడు స్మేలా అను ఊర ఒక చిన్న కర్మాగారమును నెలకొల్పి ఆ బూజు బీజములను తయారుచేసెను. ఉద్దానపు కొబ్బరికి నేడు అక్కరకు వచ్చుచున్న బూజు, ఆ గోధుమ పొలమున మొదట గుర్తింపబడినదే యగుట విశేషము.

అన్ని ప్రాణులకును కర్మాగారము కావలెనని లేదు. 1888–89లో ఆస్ట్రేలియా నుండి అమెరికాలోని కాలిఫోర్నియాకు కేబెలె అను ఉద్యోగి 129 అక్షింతల పురుగులను పంపెను. అవి అక్కడి నారింజ తోటలలో పిండిపురుగును తిని, తామరతంపరగా పెరిగి, ఏడాదిలోపుననే తోటలను రక్షించినవి. మన దక్షిణదేశమున జరిగినది ఇంతకంటె ముందటి వింత. 1795లో ఎర్రరంగు తీయుటకై ఈస్టిండియా కంపెనీ కాలమున ఒక పురుగును తెప్పించిరి. వచ్చినది కోరిన జాతి కాదు, రంగు రాలేదు. కాని ఆ పురుగు ఒక జాతి జెముడును తిని నిర్మూలించుచుండుట చూచి, 1836–38 నడుమ దానిని బుద్ధిపూర్వకముగ దక్షిణమునకు తెచ్చి విడిచిరి. 1926లో సింహళము నుండి దాని బంధువైన మరియొక పురుగును తెప్పించగా, బీళ్లను ఆక్రమించుచున్న నాగజెముడు తగ్గుముఖము పట్టెను. ఒక్కసారి విడిచిన చాలును, తక్కినది ప్రకృతి చూచుకొనును. ఇట్టివి అదృష్టము వంటివి.

కాని ఎక్కువ చీడల విషయమున ఆ అదృష్టము లేదు. మిత్రపురుగులను ఏటేట, ఒక్కొక్కప్పుడు నెలనెల, మరల మరల విడువవలసి యుండును. అప్పుడే తయారీ సమస్య తలయెత్తును. కొబ్బరి ఆకులను గీకి తినివేయు నల్లతల గొంగళిపురుగు ఇందుకు తార్కాణము. అది పట్టిన తోట దూరమునుండి చూచువారికి నిప్పు తగిలి కమిలినట్లుండును. ఎత్తైన చెట్లపై మందు చల్లుట కష్టము. గోనియోజస్ అను చిన్న కందిరీగ ఆ గొంగళిని కుట్టి చేష్టలుడిగించి, దానిపై గ్రుడ్లు పెట్టి, పిల్లలు గూళ్లు కట్టుకొను వరకు వానికి కాపలా యుండును. బ్రాకన్ అను మరియొక కందిరీగయు ఈ పనికి ఉపయోగపడును. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారు ఇట్టి మిత్రపురుగులను పెంచి కొబ్బరి రైతులకు అందించుచున్నారు.

వీనిని పెంచు గదిలోని పని వినదగినది. ముందుగా బియ్యమును పాడుచేయు రెక్కల పురుగును, జొన్న నూకలతోనో సజ్జ నూకలతోనో పెట్టెలలో పెంచవలెను. ఆ పురుగుల గొంగళ్లపై బ్రాకన్, గోనియోజస్ పెరుగును. వాని గ్రుడ్లను అట్టలపై అంటించి ట్రైకోగ్రామా అను మరింత సన్నని కందిరీగకు ఇత్తురు. ఆ గ్రుడ్లు నల్లబడినప్పుడు అట్టను రైతుకు అందింతురు. ఈ ట్రైకోగ్రామా చెరకు పీకపురుగు, వరి పురుగుల గ్రుడ్లకు శత్రువు. పనియంతయు నూకలు, పెట్టెలు, అట్టలు, శ్రద్ధ గల చేతులు. పెద్ద యంత్రము లేదు. కాని శ్రద్ధ తప్పినచో నష్టము వెంటనే కలుగును. ఒక గదిలోని బ్రాకన్ ప్రక్కగదిలోనికి చొరబడెనా, పెంచుకొనుచున్న రెక్కల పురుగుల సంతతి యంతయు నాశనమగును. నూకలలో నల్లులు పుట్టినను అంతే. ఆ పురుగుల రెక్కల పొడి గాలిలో తేలి, పనిచేయువారికి దగ్గు, ఆయాసము కలిగించును. ముఖమునకు గుడ్డ కట్టుకొనకుండ ఎవరిని ఆ గదిలోనికి పంపరాదు.

అన్నిటికంటె పెద్ద కష్టము కాలము. ట్రైకోగ్రామా అట్టను తయారుచేసిన వారమునకే కందిరీగలు వెలువడును. చల్లని పెట్టెలో పెట్టి కొన్నాళ్లు ఆపవచ్చును గాని, చాలకాలము ఆపినచో బలము తగ్గును. అంబాజీపేట నుండి కవిటికి సుమారు 400 కిలోమీటర్లు. వేసవిలో ఎండకు కాగిన బండిలో ఈ ప్రయాణము చేసిన కందిరీగ ఎట్టి స్థితిలో చేరునో ఊహింపవచ్చును. యూరియా బస్తా ఆరునెలలు కొట్టులో పడియున్నను యూరియాయే. ప్రాణమున్న సరకు అట్లు కాదు. ఈ సంవత్సరము అమ్ముడుపోనిదానిని వచ్చు సంవత్సరమునకు నిలువ చేయలేము. చీడ రాని ఏట కొనువారు లేరు. చీడ వచ్చిన వారమున అందరకు ఒక్కసారి కావలెను. తయారుచేయువానికి ఈ రెండును నష్టమే.

ఉద్దానమునకు ఈ కష్టము ఎట్లు తగులునో గత సంవత్సరముల అనుభవము చెప్పుచున్నది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటి ఈ సీమను కుదిపెను. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువన తిత్లీ తుపాను పలాసకు చేరువనే తీరము తాకి తోటలను నేలకూల్చెను. తలతండ్రుల నాటి కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పోయినవి. మరల నాటిన మొక్క కాపునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. కూలిన మొద్దులు కుళ్లినచోట కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును. ఆ పురుగు లేత మొవ్వును తొలిచి, క్రొత్తగా నాటిన మొక్కకే ముప్పు తెచ్చును. తుపాను పోయిన తరువాతి ఏండ్లు గూడ తోటవానికి తుపాను ఏండ్లే యగుట ఇందువలననే.

కొమ్ముపురుగు పిల్లలు పెరుగు గత్తపు కుప్పలలో మెటారైజియం బూజును కలిపినచో అవి రోగము పట్టి చచ్చును. ఆ బూజును ఉడికించిన నూకలపై పెంచవచ్చును. కొబ్బరి ఎండబెట్టువారు పారబోయు కొబ్బరినీటిలోను అది చక్కగా పెరుగునని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ చూపినది. పసిఫిక్ మహాసముద్రములోని పశ్చిమ సమోవా దీవులలో 1967లో ఒక వైరసును కొమ్ముపురుగులపై ప్రయోగించి గొప్ప ఫలితము సాధించిరి. ఉద్దానమున నూకలకు కొదువ లేదు, కొబ్బరినీటికి కొదువ లేదు. కావలసినది పరిశుభ్రమైన గది, ఆవిరితో శుద్ధిచేయు పాత్ర, మూలబీజమును కాలానుగుణముగ సరఫరా చేయు పరిశోధనాలయము. మూలబీజమును రైతు తరతరములుగా తన యింటనే పెంచుకొనిపోయినచో ఇతర బూజులు కలియును, రోగము కలిగించు శక్తి సన్నగిల్లును.

ఒక్కొక్కప్పుడు తయారీ కంటె నిగ్రహమే మేలు చేయును. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతమున కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమ కన్పట్టి, తరువాత ఆంధ్ర తీరపు తోటలకును వ్యాపించెను. దానితోపాటు దానిని తిను ఎన్కార్సియా అను కందిరీగయు తోటలలో స్థిరపడుచున్నది. తీవ్రమైన విషములను చల్లినచో దోమకంటె ముందు ఆ కందిరీగయే చచ్చును. అందుచేతనే శాస్త్రజ్ఞులు విషములను మానుడని చెప్పి, ఐసేరియా అను బూజును చల్లుటకు సూచించుచున్నారు. ఈ బూజునకు గాలిలో తేమ కావలెను. ఎండ మిక్కుటమైన వేళ చల్లినచో ఫలము స్వల్పము. సాధనము మంచిదైనను వేళ తప్పిన ప్రయోజనము లేదు.

విషముల ప్రసక్తి వచ్చినప్పుడు ఉద్దానమున మూత్రపిండముల వ్యాధిని తలపకుండుట సాధ్యము కాదు. పెక్కు కుటుంబములను దుఃఖమున ముంచిన ఈ వ్యాధికి కారణము ఇదమిత్థమని వైద్యశాస్త్రము ఇంతవరకు నిర్ణయింపలేదు. నీరు, ఎండలో శ్రమ, నేలలోని ధాతువులు, వ్యవసాయ విషములు మొదలైన పలు సంగతులను పరిశోధకులు విచారించుచున్నారు. కారణము తేలకుండ దేనినో ఒకదానిని దోషిగా నిలుపుట న్యాయము కాదు. జీవ సాధనములు ఈ వ్యాధిని మాన్పునని చెప్పి అమ్ముట అంతకంటె అన్యాయము. కాని తన ఆరోగ్యమును గూర్చి ఇంత భయము అనుభవించుచున్న సీమలో, ముఖమునకు గుడ్డయైన లేకుండ విషము చల్లు అవసరమును తగ్గించుట వివేకమని మాత్రము చెప్పవచ్చును.

సరకు మంచిదో కాదో రైతు కంటితో చూచి తెలిసికొనలేడు. నల్లని లిగ్నైట్ పొడిలో కోట్ల సూక్ష్మజీవులున్నను, ఒక్కటియు లేకున్నను చూపునకు ఒక్కటియే. అందుచేత చట్టము అవసరమైనది. బూజులు, వైరసుల వంటి చీడనాశకములు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము క్రిందికి వచ్చును. జీవన ఎరువులను 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తరువులో చేర్చిరి. దాని ప్రకారము పొడి రూపపు రైజోబియం గ్రాములో 5 కోట్లకు తగ్గకుండ, ద్రవరూపమైనచో మిల్లీలీటరులో 10 కోట్లకు తగ్గకుండ ప్రాణమున్న కణములుండవలెను. చిన్న తయారీదారులకు ఈ పరీక్షలు, నమోదు ఖర్చులు భారమే. అట్లని పరీక్ష వలదన్నచో నకిలీ సరకునకు తలుపులు తెరచినట్లగును. జీవ సాధనమని పేరు పెట్టి రసాయన విషమును కలిపి అమ్మిన సందర్భములును దేశమున బయటపడినవి. రైతు ఒక్కసారి మోసపోయినచో మంచి సరకును గూడ పదేండ్లు నమ్మడు.

మరియొక మార్గము ఇంటి తయారీ. 2016 నుండి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయము ప్రచారమగుచున్నది. ఎకరమునకు 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, గుప్పెడు గట్టు మన్ను, 200 లీటర్ల నీరు కలిపి పులియబెట్టిన జీవామృతమును పొలమునకు పారింతురు. ఇది తయారైన చోటనే వాడబడును గనుక ప్రయాణపు చిక్కు లేదు. కాని ఒక పీపాలోనిది మరియొక పీపాలోనిదానివలె నుండదు, ఆవులు తరిగిన ఊళ్లలో పేడ, మూత్రము కొనవలసి వచ్చును, పని హెచ్చు. దీని ఫలమును గూర్చి శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయమును లేదు. మెచ్చువారును కలరు, చాలినన్ని పరీక్షలు జరుగలేదను వారును కలరు. తన పొలమున సగము వాడి, సగము విడిచి, దిగుబడిని తూచి చూచుకొను రైతునకు ఈ వివాదము బాధింపదు.

ఈ చరిత్ర నుండి మాకు తోచిన నీతి ఇది. జీవ సాధనములకు కొరత ఆలోచనలలో లేదు. తయారైన గదికిని చెట్టునకును నడుమ నున్న దారిలో నున్నది. కనుక మూలబీజము, పరీక్ష పరిశోధనాలయముల చేతిలోను, పెంపకము తోటల చెంతను ఉండుట యుక్తము. నైరాలో వ్యవసాయ కళాశాల, ఆముదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రము ఈ జిల్లాలోనే కలవు. మండలమునకు ఒక గది చొప్పున మహిళా సంఘములు మిత్రపురుగులను, బూజులను పెంచుట అసాధ్యము కాదు. జీడిపప్పును గుండు చెడకుండ తీయగల పలాస స్త్రీల చేతులకు ఈ సన్నని పని క్రొత్త కాదు. కాని రెండు కట్టుబాట్లు ముందుగా నుండవలెను. తోటలవారు ఎన్ని అట్టలు, ఎంత బూజు కావలెనో ఋతువునకు ముందే చెప్పి కొంత బయానా ఈయవలెను. చీడ రాని ఏట ఆ గదులు మూతపడకుండ ప్రభుత్వము గాని సహకార సంఘము గాని నిలుపవలెను. మిత్రపురుగులను విడుచు వారమున చుట్టుపక్కల ఎవ్వరును విషము చల్లకుండ తెలుపుటకు రేడియో వంటి సాధనము మరియొకటి లేదు.

ఇంతలో కొనువారు చేయదగినది కొంత కలదు. పొట్లముపై తయారైన తేదీ, గడువు తేదీ, కణముల సంఖ్య, నమోదు సంఖ్య చూడుడు. దుకాణమువాడు దానిని నీడలో నుంచెనో, ఎండలో నుంచెనో చూడుడు. ఇంటికి తెచ్చిన తరువాత పురుగుమందుల ప్రక్కను, రేకుల కప్పు క్రిందను పెట్టకుడు. పాలు కొన్ననాడు ఎట్లు చూతుమో, ఈ సరకును గూడ అట్లు చూడవలెను. అది మన పొలమునకు వచ్చు కూలివాడు. బ్రతికి వచ్చిననే పని చేయును.